ఖాతా అప్పగించాకే కదలాలి

రొయ్యల మేత అమ్మే ఫీల్డ్ ఉద్యోగి మానేస్తే భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువు గట్ల మీద ముందు రేగేది బాకీల తగాదా. మేత అరువు మీద వెళ్తుంది, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక డబ్బు వస్తుంది. ఈలోగా మనిషి మారితే, 'పాతాయనకి ఇచ్చేశానండీ' అంటాడు రైతు. కొత్తాయన పుస్తకంలో ఆ జమ కనపడదు. చాలాసార్లు ఆ సొమ్ము పాత ఉద్యోగి సొంత ఫోన్ నంబరుకే వెళ్లి ఉంటుంది. అతను నిజాయతీపరుడే అయినా నిరూపించుకోవడం కష్టం.

అందుకే నోటీసు నెలలో మొదటి పని రైతువారీ జాబితా: ఎన్ని బస్తాలు, ఏ ధర, ఎంత జమ, ఎంత నిల్వ (ఇంకా రావలసిన బాకీ). పాత, కొత్త ఉద్యోగులు ఇద్దరూ కలిసి గట్టు మీదికి వెళ్లి, నిల్వ మీద రైతు సంతకం తీసుకుని, ఒక ప్రతి అతని చేతిలోనే పెట్టాలి. రొయ్య పిల్ల వేసిన తేదీ, ప్రస్తుత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), తిండి తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగులుతున్నదీ లేనిదీ, చివరిగా వాడిన మందు కూడా అదే కాగితం మీద రాయాలి. రైతులు ఫోన్ చేసే నంబరు కంపెనీ సిమ్ మీద ఉండాలి. ఉద్యోగితో నంబరు వెళ్లిపోతే వ్యాపారమూ వెళ్లిపోతుంది, ఆ తప్పు యాజమాన్యానిదే.

ఇంతకన్నా నష్టం చేసేది సంస్థ లోపలి బదిలీ. ఒకే యజమానికి మేత మిల్లు ఒక పేరు మీద, ప్రాసెసింగ్ ప్లాంటు ఇంకో పేరు మీద ఉంటాయి. 'అక్కడ రాజీనామా రాసి ఇక్కడ చేరు' అంటారు. ఆ ఒక్క వాక్యంతో పాత సర్వీసు తెగిపోయే ప్రమాదం ఉంది. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే సొమ్ము) రావాలంటే మామూలుగా 5 ఏళ్ల నిరంతర సర్వీసు కావాలి. చివరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 15,600 రూపాయలు అనుకుందాం. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 9,000. ఏడేళ్లకు 63,000. నాలుగేళ్లు ఒకచోట, మూడేళ్లు మరోచోట అని విడగొడితే చేతికొచ్చేది సున్నా. రాజీనామాకు బదులు 'సర్వీసు కొనసాగింపుతో బదిలీ' అని రాసిన ఉత్తర్వు అడగాలి. అడిగితే ముఖం మాడ్చుకునే యజమానులున్నారు. అయినా అడగాలి.

పీఎఫ్‌లో చేస్తున్న పొరపాటు మాత్రం ఉద్యోగులదే. ఉద్యోగం మారిన ప్రతిసారీ ఫారం 10సీతో పింఛను వాటా తీసేసుకుంటే ఆ సర్వీసు అక్కడితో చెల్లు. నెలవారీ పింఛనుకు 10 ఏళ్లు నిండాలి. పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకుంటే ఆ ఏళ్లు కలుస్తాయి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. 'నెలాఖరున అందరితో పాటే' అనడం ఇక చెల్లదు. సంక్రాంతికి అడ్వాన్సు తీసుకుని ఊరెళ్లి ఫోన్ ఎత్తని వారి గురించి మిల్లర్లు మొత్తుకోవడంలోనూ న్యాయముంది. ఆ బాకీకి కాగితం రాసుకుని నిబంధనల ప్రకారం రాబట్టుకోవాలి తప్ప, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేయడం దారి కాదు.

మానేసిన తేదీని పీఎఫ్ పోర్టల్‌లో యజమాని నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు. తేదీ వేసే ముందు రిలీవింగ్ లెటర్‌తో సరిచూసుకోవాలి.