లిస్టు పోయింది, ఇప్పుడైనా పట్టిక తెరిచి చూస్తారా?

నమ్మదగ్గ పరిశోధన జర్నళ్లివీ అంటూ యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) పెట్టిన కేర్ లిస్టును ఎత్తేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చాక చాలామంది రీసెర్చ్ స్కాలర్లది ఒకటే టెన్షన్: ఇక ఏ జర్నల్‌ని నమ్మాలి? ఆ లిస్టు చేసిన మేలు సంగతేమో గానీ, 'లిస్టులో ఉందిగా, కోట్ చేసెయ్' అనే బద్ధకాన్ని మాత్రం బాగా పెంచింది. అంతకుముందున్న జాబితా నుంచి 2018 మేలో 4,305 జర్నళ్లను ఒక్క దెబ్బకు తీసేశారు మరి, అప్పటిదాకా అవీ ఆమోదముద్ర ఉన్నవే!

రైతు ఆత్మహత్యల మీద పీజీ డిసర్టేషన్ రాస్తున్నారనుకోండి. పోలీసు రికార్డుల నుంచి దేశవ్యాప్త లెక్కలు తీసే జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2013లో 11,772, 2014లో 5,650. పేపర్లో వార్త చూసి రాసేవాళ్లు ఏడాదిలో సగానికి పడిపోయాయని రాసేసి, దానికి కారణాలు కూడా వెతికిపెడతారు. అదే రిపోర్టు తెరిస్తే పక్కనే వ్యవసాయ కూలీలని వేరే పద్దు, అందులో 6,710 మంది. రెండూ కలిపితే 12,360. ఆ ఏడాది వర్గీకరణే మారింది, కాబట్టి పాత అంకెను కొత్త అంకె పక్కన పెట్టి పోల్చడానికే లేదు. ఈ సంగతి గమనించని వ్యాసం ఎంత పేరున్న జర్నల్లో వచ్చినా ఏం లాభం?

అలాగని ప్రభుత్వ పట్టికే చివరి మాటా అంటే, అదీ కాదు. ఎన్‌సీఆర్‌బీ నిర్వచనం ప్రకారం కౌలుకు చేసేవాళ్లూ రైతులే. కానీ ఆ లెక్కలు మొదలయ్యేది పోలీస్ స్టేషన్లో, పేరు మీద పాసుపుస్తకం లేని మనిషి వృత్తి ఏమని రాస్తారన్నది అక్కడి వాళ్ల చేతిలో పని. పోనీ రైతు చనిపోతే కుటుంబానికి డబ్బిచ్చే తెలంగాణ రైతు బీమా వివరాలు తీద్దామంటే, అది పట్టాదారులకే, సొంత భూమి లేని కౌలు రైతు అందులో కనపడనే కనపడడు.

ఇక్కడే దినపత్రికల జిల్లా ఎడిషన్ అక్కరకొస్తుంది. దేశం మొత్తం లెక్కకు పనికిరాని ఆ నాలుగు లైన్ల వార్తలోనే ఎన్ని ఎకరాలు కౌలుకు తీసుకున్నాడు, ఎవరి దగ్గర అప్పు చేశాడు అన్నవి తరచూ దొరుకుతాయి. దాన్ని పట్టుకుని ఊరికి వెళ్లి కుటుంబాన్ని కలవొచ్చు, పరిహారం విచారణ ఏమైందో తహసీల్దార్ ఆఫీసులో అడగొచ్చు, ఇవ్వకపోతే ఆర్టీఐ ఎలాగూ ఉంది. తీరా డిసర్టేషన్ మీద జరిగే మౌఖిక పరీక్ష, అదే వైవాలో 'పేపర్ కటింగులేంటమ్మా, జర్నల్ ఆర్టికల్స్ లేవా' అని విసుక్కునే ఎగ్జామినర్లూ ఉంటారనుకోండి, వాళ్లకి పోలీసు లెక్కలో కౌలు రైతు ఏ గడిలో ఉన్నాడో చూపించమనండి.