కన్యాశుల్కంలో కత్తెర ఎక్కడ వేయాలి?

(విజయనగరంలో ఒక నాటక సమాజం రిహార్సల్ గది. పూర్తిగా ఆడితే గంటల తరబడి సాగే గురజాడ ఏడంకాల నాటకం ‘కన్యాశుల్కా’న్ని రెండు గంటలకు కుదించాలి. అందులోని సాని మధురవాణి పాత్రను దర్శకురాలు బాగా కోసేసింది. రిటైరైన తెలుగు లెక్చరరు ఆ స్క్రిప్టు పట్టుకుని వచ్చారు.)

మాస్టారు: ఇదేం పనమ్మా? మధురవాణికి రెండే సీన్లా? ఆవిడ లేకపోతే ఇంక గురజాడ ఎందుకు, ఏదో ఒక సంఘసంస్కరణ నాటిక రాసుకోలేకపోయావా?

దర్శకురాలు: కూర్చోండి మాస్టారూ. నాటకం పేరు కన్యాశుల్కం. అంటే పెళ్ళికొడుకు దగ్గర డబ్బు పుచ్చుకుని పిల్లనివ్వడం, అలా అమ్ముడుపోయిన పిల్లల గోడు. 1897 కూర్పు ముందుమాటలో గురజాడ ఏ లెక్క ఇచ్చారో మీరే క్లాసులో చెప్పారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ పాటు బ్రాహ్మణుల ఇళ్ళల్లో జరిగిన శుల్కపు పెళ్ళిళ్ళ జాబితా తీయిస్తే 1,034 తేలాయి. పెళ్ళినాటికి అయిదేళ్ళున్న పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు! ఆ చంటిపిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

మాస్టారు: లెక్కలు నాకూ వచ్చు. కానీ జాబితా చదివితే నాటకం అవుతుందా?

దర్శకురాలు: అవదు. కానీ ఆ జాబితాలో ఉన్న పిల్ల నాటకంలో ఏదండీ? అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోతాడు, ఆ పిల్ల కోసమే ఈ గొడవంతా. తల్లి వెంకమ్మ ఏడుపు, పెళ్ళి తప్పించాలని మేనమామ కరటకశాస్త్రి ఎత్తు, అన్నీ ఆ పిల్ల చుట్టూనే. సుబ్బి అన్న మాట ఒక్కటి, మీకు గుర్తున్నది, చెప్పండి.

మాస్టారు: ...

దర్శకురాలు: పోనీ, లుబ్ధావధాన్లు పక్కన పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు ఎవరు? శాస్త్రిగారి శిష్యుడు మహేశం, చీర కట్టుకున్న కుర్రాడు. కన్యాశుల్కం మీద రాసిన నాటకంలో మనకి కనిపించి, వినిపించి, ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టించుకునే కన్య మగపిల్లాడు!

మాస్టారు: అదేనమ్మా అందులో దెబ్బ. ముసలాయన బేరం చూసుకున్నాడు గానీ పిల్లని చూశాడా? సరుకు ఎవరైతేనేం? ఆడో మగో తెలియకుండా ముడి పడిపోయింది. సుబ్బి చేత గంటసేపు ఏడిపించినా అంత గట్టిగా తగలదు.

దర్శకురాలు: నవ్వొస్తుంది, ఒప్పుకుంటాను. ఆ నవ్వులో సుబ్బి కొట్టుకుపోతుందనే నా బాధ. సుబ్బి, దాని అక్క వితంతువు బుచ్చమ్మ, వీళ్ళ చోటంతా మధురవాణే ఆక్రమించేస్తోంది. హాలు బయట టీ దగ్గర వినండి, అందరూ ఆవిణ్ణే తలుచుకుంటారు. కాకపోతే ఆ కోతలరాయుడు గిరీశాన్ని.

మాస్టారు: అయితే ఒకటి అడుగుతాను. మొదటి కూర్పులో మధురవాణిది చిన్న పాత్రే. 1909 కూర్పుకి గురజాడ నాటకాన్ని దాదాపు మళ్ళీ రాశాడు. కావాలంటే సుబ్బిని పెంచేవాడు. మధురవాణిని పెంచాడు. ఎందుకంటావు?

దర్శకురాలు: ఆవిడ మీద ఆయనకే మోజు పుట్టి ఉంటుంది.

మాస్టారు: వెటకారం చాలు. ఆ నాటకంలో సంతంటే ఏమిటో తెలిసినది ఆవిడొక్కతే. అగ్నిహోత్రావధాన్లు కూతుర్ని అమ్మి వేదం వల్లిస్తాడు. మధురవాణి తన వెల తనే చెప్పుకుంటుంది, నోరు విప్పి. ఆ కంటె సంగతి చూడు. మధురవాణిని ఉంచుకున్న రామప్పంతులు ఆవిడ కంటె తీసుకెళ్ళి పెళ్ళికూతురి మెడలో వేయిస్తాడు. సాని మెడలోంచి కులస్త్రీ మెడలోకి. రెండు మెడలకీ నగ ఒక్కటే! ఇంతకన్నా పచ్చిగా ఎలా చెప్తారు? నువ్వు ఆ కంటె సీను కొట్టేశావు.

దర్శకురాలు: (పెన్సిల్‌తో రాసుకుంటూ) కంటె వెనక్కి తెస్తాను. ఆఖరి ముద్దు సీను మాత్రం తీసేస్తాను.

మాస్టారు: అయ్యో!

దర్శకురాలు: వినండి. సౌజన్యారావు పంతులు పెద్ద వకీలు, సానుల ముఖం చూడనని పట్టుపట్టిన మనిషి. మధురవాణి ఆయన దగ్గరికి మగవేషంలో వస్తుంది. లుబ్ధావధాన్లు ఖూనీ కేసులోంచి బయటపడే రహస్యం చెప్తానంటుంది, దానికి ఫీజుగా ముద్దు అడుగుతుంది. తీరా ఆయన సరేనన్నాక తనే ఆపేస్తుంది, చెడనివాణ్ణి చెడగొట్టొద్దని అమ్మ చెప్పిందంటుంది. అంటే ఏమిటి? పెద్దమనిషి శీలానికి సాని చేత సర్టిఫికెట్టు ఇప్పించడం. ఆపైన ఆవిడ చేతికి భగవద్గీత.

మాస్టారు: నువ్వు తిరగేసి చదువుతున్నావు. ఒక ప్రాణం కోసం ఆయన ఒట్టు తీసి గట్టున పెట్టడానికి సిద్ధపడ్డాడు. అక్కడ ఆయన గెలిచాడో ఓడాడో ఆయనకే తెలీదు. ఆపగలిగింది ఆవిడ. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. ఈ నాటకం మొదట ఆడింది 1892లో. సంస్కరణ అనే మాట అంత వేడిగా ఉన్న రోజుల్లో, సంస్కర్తనే నిలబెట్టి పరీక్ష పెట్టే ధైర్యం ఎవరికుంది? పైగా గిరీశం బండారం బయటపడింది కూడా ఆవిడ వల్లే కదా. లేకపోతే బుచ్చమ్మ గతి ఏమిటి?

దర్శకురాలు: ఇప్పుడు దారికొచ్చారు. బుచ్చమ్మ గతి! తండ్రి ముసలాడికి అమ్మాడు, వాడు పోయాడు. గిరీశం వితంతు వివాహం మీద ఉపన్యాసాలిచ్చి లేవదీసుకొచ్చాడు. సౌజన్యారావు పూనా విడోస్ హోముకి పంపుతానన్నాడు. అమ్మినవాడు, ఎత్తుకొచ్చినవాడు, ఉద్ధరించేవాడు, ముగ్గురిలో ఒక్కడైనా ఆవిణ్ణి ‘నీకేం కావాలమ్మా’ అని అడిగాడా?

మాస్టారు: ...అడగలేదు. అది మాత్రం నిజమే. గురజాడ తెలిసే అలా వదిలేశాడని నా నమ్మకం. సౌజన్యారావు ఎంత మంచివాడైనా ఆ అడగకపోవడంలో మిగతావాళ్ళకి తోబుట్టువే.

దర్శకురాలు: అది మీరు క్లాసులో చెప్పాలి, నేను చూపించాలి. ముద్దు సీను ఉంచుతాను. కానీ ఆ పూనా మాట వచ్చేటప్పుడు బుచ్చమ్మని స్టేజీ మీదే నిలబెడతాను. మాట కలపను, గురజాడ మీద ఒట్టు. ఊరికే నిలబడుతుంది.

మాస్టారు: అది ఆయన రాయని ఏర్పాటు.

దర్శకురాలు: ఆయన రాసిన ప్రశ్నే.

మాస్టారు: సరే, నిలబెట్టు. కానీ ఇవన్నీ వెనక్కొస్తే రెండు గంటల్లో పడతాయా? ఎక్కడ కోస్తావు?

దర్శకురాలు: గిరీశం దగ్గర. శిష్యుడు వెంకటేశంతో కోతలు సగం తీసేస్తాను. పొగచెట్టు పద్యం కూడా.

మాస్టారు: విజయనగరంలోనా! ఆ పద్యం తీసేస్తే ముందు వరసలోంచి నేనే లేచి చదువుతాను.