ధ్యానం బావగారిది, అంట్లు అక్కవి

ఇప్పుడే అక్కావాళ్ళింటి నుంచి వచ్చా, ఒళ్ళు మండిపోతోంది. మా బావగారు నిన్న పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సు నుంచి దిగారు, సాగర్ దగ్గర చేశారట. ఇవాళ పొద్దున ఉప్మాలో ఉప్పు తక్కువైందని ప్లేటు పక్కకి నెట్టేసి, అక్క మొహం మాడ్చుకుంటే "రియాక్ట్ అవ్వకూడదు, అనిచ్చ, ఏదీ ఉండిపోదు" అన్నారు. ఉప్మా కూడా ఉండిపోదుగా బావగారూ, తినేస్తే!

అక్కడ తెల్లారి నాలుగింటికి గంట కొడితే లేచేవారట. పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి టీ, మరమరాలు, పండు, ఇంక రాత్రికి ఏమీ లేదు. కిక్కురుమనలేదట! ఫోన్ ఇచ్చేసి, నోరు మూసుకుని, గంటసేపు కాలు కదపకుండా కూర్చున్నదంతా చెప్తూ చెప్తూ తిన్న ప్లేటు తనే కడుక్కున్నానన్నారు, నేను అక్కడే ఆగిపోయా. పెళ్ళయ్యాక ఇంట్లో ఆయన కంచం తీయడం ఎవరైనా చూశారా అసలు?

విపశ్యన మీద నాకేం కోపం లేదు, మొదలెట్టకండి. ఫీజు లేదు, ఉచితంగా అన్నం పెట్టి నేర్పిస్తారు, కోర్సు పూర్తిచేసిన వాళ్ళ దగ్గరే దానం తీసుకుంటారు. రిసార్టులో రెండు రోజులు చాప పరిచి వేలకి వేలు గుంజే బాపతు కాదు. ఈ కోర్సులు మనకి తెచ్చిన గోయెంకా గారి గురువు ఊ బా ఖిన్ గారైతే బర్మాలో అకౌంటెంట్ జనరల్, ఆఫీసు నడుపుతూనే ధ్యానం నేర్పారు. గోయెంకా గారు 1969లో ఇండియాకి వచ్చి నేర్పడం మొదలెట్టారు, తర్వాత కోర్సుల్లో భార్య ఇలాయిచీ దేవి గారు కూడా పక్కనే కూర్చునేవారు. పక్కనే అండీ, వంటింట్లో కాదు!

మా అక్క కూడా పోయినేడు అప్లై చేసింది, సీటు కన్ఫర్మ్ అయింది కూడా. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పిల్లాడికి పరీక్షలు, కాన్సిల్. "ఇంట్లోనే చేసుకోవచ్చుగా, ధ్యానానికి ఎక్కడైతే ఏంటి" అన్నది ఈ బావగారే. తనకి మాత్రం కొండలు కావాలి, నిశ్శబ్దం కావాలి. ఆయన అక్కడ మౌనంగా ఉన్నన్నాళ్ళూ ఇక్కడ గ్యాసువాడితో, స్కూల్ వ్యానువాడితో, మందుల షాపువాడితో మాట్లాడింది ఎవరు?

అసలు మా ఇంట్లో ఇది కొత్తేం కాదు. నాన్న అయ్యప్ప మాల వేసుకున్న ప్రతిసారీ దీక్ష పేరు ఆయనది, చీకట్లో లేచి తలస్నానం చేసి మడిగా వండేది అమ్మ, పైగా చెప్పాపెట్టకుండా భిక్షకి ఇంకో నలుగురు స్వాముల్ని వెంటబెట్టుకొచ్చేవాడు. పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో నేను చిన్నప్పుడే అడిగి తిట్లు తిన్నా.

వచ్చే కోర్సుకి అక్క ఫారం నేనే నింపుతున్నా. ఆ పది రోజులు పిల్లలకి బాక్సులు ఎవరు కడతారని నన్ను అడక్కండి, బావగారి నంబర్ అందరి దగ్గరా ఉందిగా.