రోజుకో ఆవిష్కరణ

మొన్న జిల్లా ఎడిషన్ మూడో పేజీలో ఒక ఫొటో వచ్చింది. పదమూడు మంది పెద్దమనుషులు, వాళ్ల మధ్య ఒక పోస్టర్. 'జాతీయ సదస్సు పోస్టర్‌ను ఆవిష్కరిస్తున్న వీసీ, రిజిస్ట్రార్ తదితరులు' అని కింద రాశారు. దాని పక్కనే ఇంకో కాలేజీ వాళ్ల బ్రోచర్ ఆవిష్కరణ. పేజీ తిప్పితే క్యాలెండర్ ఆవిష్కరణ, అదీ మార్చి నెలలో. మన యూనివర్సిటీల్లో పరిశోధన లేదు, కొత్తగా ఏదీ కనిపెట్టడం లేదు అని ఏడ్చేవాళ్లు ఈ పేజీలు చూడరనుకుంటాను. థామస్ ఎడిసన్ జన్మంతా కష్టపడి తెచ్చుకున్న అమెరికా పేటెంట్లు 1,093. మన వీసీల పదవీకాలం మూడేళ్లు, రోజుకో ఆవిష్కరణ చొప్పున లెక్క కడితే 1,095. రెండు ఎక్కువే.

ఈ శాస్త్రంలో నాకు కాస్త అనుభవం ఉంది. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, మూడేళ్లు ఇన్‌చార్జి పీఆర్వోగా, అంటే పత్రికలకి కాలేజీ కబుర్లు రాసి పంపేవాడిగా కూడా ఉన్నాను. ఇన్‌చార్జి అంటే జీతం పెరగదు, ఫోన్ మోగడం పెరుగుతుంది. కాలేజీలో ఎవరికి ఏ కాగితం తెలుగులో కావాలన్నా తెలుగు మాస్టారే గుర్తొస్తాడు. సంతాప తీర్మానం, సన్మాన పత్రం, ప్రిన్సిపాల్ గారమ్మాయి పెళ్లి శుభలేఖ, ఆ వరసలోనే ప్రెస్ నోట్. కెమిస్ట్రీ వాళ్లని ఇంటికి పిలిచి బాత్రూం కడగడానికి యాసిడ్ కలిపివ్వమని ఎవరూ అడగరు. మమ్మల్ని మాత్రం అడుగుతారు.

ఆవిష్కరణ దగ్గర్నుంచి చూడని దురదృష్టవంతుల కోసం నా హయాంలో జరిగినది ఒకటి చెబుతాను. ముహూర్తం పదకొండు గంటలకి, అంటే పన్నెండున్నరకి. స్థలం వీసీగారి చాంబర్. పోస్టర్ ఏ3 సైజు, మూరెడు పొడుగు కూడా లేదు. దానికున్నవి నాలుగు మూలలు, వచ్చినవాళ్లు పదమూడు మంది. పై అంచు వీసీగారిది, కుడి పక్క రిజిస్ట్రార్‌ది, ఎడమ పక్క ప్రిన్సిపాల్‌ది, ఇవి అనాదిగా వస్తున్న హక్కులు, వీటిలో తగాదా లేదు. మిగతా పదిమందీ తలా ఒక వేలు ఆనించాలి. వేలు ఆననివాడు ఆవిష్కరించినట్టు కాదు, ఉత్తినే నిలబడినట్టు. వైస్ ప్రిన్సిపాల్‌కి ఎంత సాగినా అందలేదు, పాపం, ముందున్నాయన భుజం మీద చెయ్యి వేశారు. పోస్టర్ని ముట్టుకున్నవాణ్ణి ముట్టుకుంటే పోస్టర్ని ముట్టుకున్నట్టే, కరెంటు పాకినట్టు.

వేళ్లన్నీ పడేసరికి సదస్సు పేరు కనపడకుండా పోయింది. కనిపిస్తున్నదల్లా స్పాన్సర్ చేసిన స్వీట్ షాపు ఫోన్ నంబరు. ఫొటోగ్రాఫర్ 'సార్, కొంచెం కిందకి' అన్నాడు. పోస్టర్ని దించమని అతని ఉద్దేశం. పదమూడు మందీ వంగారు. అప్పుడు తలుపు దగ్గరున్న అటెండర్ నాకు సైగ చేశాడు. స్వీట్ షాపు నంబరు అట్టడుగున ఉండాలి కదా, పైనెందుకుంది? పోస్టర్ తలకిందులుగా పట్టుకున్నారు. ఈ మాట వీసీగారికి చెప్పాల్సింది రిజిస్ట్రార్, రిజిస్ట్రార్‌కి ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్‌కి హెచ్‌ఓడీ, అలా మెట్లు దిగుతూ వస్తే చివరి మెట్టు మీద అటెండరే ఉన్నాడు, అతను చెప్పాల్సింది చెప్పేశాడు. ఎవరం నోరు మెదపలేదు. ఆఖరికి ఫొటోగ్రాఫరే నా చెవిలో 'టెన్షన్ పడకండి సార్, కంప్యూటర్లో తిప్పేస్తా' అన్నాడు. పోస్టర్ని తిప్పితే పదమూడు మంది తలకిందులవుతారు కదా అని అడగబోయి ఊరుకున్నాను.

పోస్టర్ తిరిగి నా చేతికిస్తూ వీసీగారు అడిగారు, 'ఇంతకీ సదస్సు దేని మీద మాస్టారూ?'

ఉన్నత విద్యలో నాణ్యత మీద. అన్నట్టు అది మొదట్లో అంతర్జాతీయ సదస్సు. డాలస్‌లో ఉన్న హెచ్‌ఓడీగారి తోడల్లుడు గూగుల్ మీట్‌లో కలుస్తానన్నాడు, తర్వాత ఆయనకి తీరికలేక జాతీయ స్థాయికి దిగింది. అదే పోస్టర్ని మర్నాడు ఎమ్మెల్యేగారు కారు దిగకుండా అద్దంలోంచి ఆవిష్కరించారు. ఆ మర్నాడు ఒక రిటైర్డ్ అధికారి, తర్వాత ఇంకెవరో. మొత్తం నాలుగు ఆవిష్కరణలు, నాలుగు ప్రెస్ నోట్లు. సదస్సు జరగలేదు. నిధులు రాలేదన్నారు. ఎందుకు జరగలేదని ఎవరూ అడగనూ లేదు.

ప్రెస్ నోట్‌కి ఒక వ్యాకరణం ఉంది, చిన్నయసూరికి అందనిది. వీసీ ఉద్ఘాటిస్తారు. రిజిస్ట్రార్ పేర్కొంటారు. ప్రిన్సిపాల్ అంటారు. ముఖ్య అతిథి పిలుపునిస్తారు, ఎవరూ పలకరు, అది వేరే విషయం. హెచ్‌ఓడీలు పాల్గొంటారు. ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు లెక్చరర్లూ, పీరియడ్ లెక్కన డబ్బులు తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ, కుర్చీలు మోసిన అటెండర్లూ అందరూ కలిసి ఒకే మాటలో సర్దుకుంటారు: తదితరులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. శాసనోల్లంఘన ఉద్యమాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అణచివేస్తున్న తీరు నచ్చక 1930లో పదవి వదిలేశారు. ఉద్ఘాటించి ఊరుకోలేదు, రాజీనామా చేశారు. మా వ్యాకరణంలో ఆ క్రియాపదం లేదు.

ఈ ఫొటోల పిచ్చిని ఊరికే కీర్తి కండూతి అనుకుంటే పొరపాటు. దీని వెనక వ్యవస్థ ఉంది. కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడులిచ్చే న్యాక్ 1994 నుంచి ఉన్నా, 2017లో పద్ధతి మార్చాక మార్కుల్లో సుమారు 70 శాతం కాలేజీ అప్‌లోడ్ చేసిన లెక్కల మీదే ఆధారపడ్డాయి. అప్‌లోడ్ అంటే రుజువు, రుజువు అంటే ఫొటో, అది కూడా జియో ట్యాగ్ ఫొటో, అక్షాంశం రేఖాంశం ముద్ర వేసుకుని మరీ ఉండాలి. మొక్క నాటితే సరిపోదు, ఏ అక్షాంశం మీద నాటారో ఉండాలి. నీళ్లు ఎవరు పోశారన్న కాలమ్ లేదు. అందుకే మా దగ్గర ఒకే గుంటలో మూడేళ్లు వరసగా మొక్కలు నాటాం, రేఖాంశం కూడా మారలేదు. విద్యాసంస్థలకి కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో అయితే 'పర్సెప్షన్' అని ఏకంగా 10 శాతం. నలుగురూ మన గురించి ఏమనుకుంటున్నారు అన్నదానికి మార్కులన్నమాట. మా నాయనమ్మ జన్మంతా ఈ సిలబస్సే చదివింది, ర్యాంకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇక ఫొటోలతో పని జరగదనుకున్నవాళ్లకి వేరే దారులు ఉంటాయి కాబోలు. ఏ ప్లస్ ప్లస్ గ్రేడు కోసం లంచాలు ఇచ్చి పుచ్చుకున్నారన్న ఆరోపణలతో 2025 ఫిబ్రవరిలో సీబీఐ న్యాక్ తనిఖీ బృందంలోని వాళ్లనే అరెస్టు చేసింది. దొరికినవాటిలో ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. అప్‌లోడ్ చేయడానికి అవీ అవసరమే కదా.

ఇక మా వృత్తిలో అన్నిటికన్నా ఖరీదైన మాట ఒకటుంది. 'స్వల్ప'.

ఒక ఆగస్టు రాత్రి గర్ల్స్ హాస్టల్ పిల్లలకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నేను వెళ్లేసరికి ఏరియా ఆస్పత్రిలో ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరు, చోటు చాలక వరండాలో కొందరు, సెలైన్ సీసాలు కిటికీ ఊచలకి కట్టి ఉన్నాయి. రిజిస్ట్రార్ ఫోన్ చేశారు. 'మాస్టారూ, స్వల్ప అస్వస్థత అని వెయ్యండి. సంఖ్య వద్దు, కొందరు అంటే చాలు. కలుషిత ఆహారం అనొద్దు, ల్యాబ్ రిపోర్టు రాలేదుగా. వాతావరణ మార్పుల వల్ల అనండి.' వరండాలో నిలబడి రాశాను. విద్యార్థినుల ఆరోగ్యం నిలకడగా ఉందని, వదంతులు నమ్మవద్దని వీసీ పేర్కొన్నట్టు కూడా రాశాను. ఆయన ఆ రాత్రి ఊళ్లోనే లేరు. నేను ఫోన్లో టైపు చేస్తుంటే నా క్లాసు పిల్ల ఒకతె తల పక్కకి తిప్పి చూసింది. 'సార్, స్వల్ప అంటే ఎన్ని సెలైన్లు?' అంది.

మూడో రోజు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. రైతుకూలీ. నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. 'హోటల్ కాడ పేపర్ చదివి చెప్పిన్రు సార్, స్వల్పమే అని. మీ కాలేజోళ్లే రాసిన్రు గదా అని నమ్మిన. నాట్లు నడుస్తున్నయని ఆగిపోయిన' అన్నాడు. రెండు రోజులు ఆ పిల్ల పక్కన ఎవరూ లేరు. నేను రాసిన ఒక్క మాట వల్ల.

ఏం స్వల్పమండీ? ఎవరికి స్వల్పం? మెస్ బిల్లు ఒక్క రోజు ఆలస్యమైతే ఫైన్ వేస్తారు, పరీక్షకి హాల్‌టికెట్ ఆపుతారు. నీళ్ల ట్యాంకు ఆఖరిసారి ఎప్పుడు కడిగారో చూపించండయ్యా అంటే ఒక్క కాగితం లేదు. ట్యాంకు ప్రారంభోత్సవం ఫొటోలు మాత్రం ఉన్నాయి, మూడు వైపుల నుంచి, జియో ట్యాగ్‌తో సహా, రిబ్బన్ మీద ఆరు చేతులు. ఆ చేతుల్లో ఒక్కటైనా ఆ ట్యాంకు మూత ఎత్తి చూసి ఉంటే! ల్యాబ్ రిపోర్టు ఇప్పటికీ రాలేదు. మెస్ కాంట్రాక్టర్ మారలేదు. ఆ వారమే హాస్టల్ గేటు దగ్గర 'ఆరోగ్యమే మహాభాగ్యం' పోస్టర్ ఆవిష్కరించారు. దానికి ప్రెస్ నోట్ రాయనన్నాను. పర్లేదు, పాతదే తేదీ మార్చి పంపేశారు, పత్రికలో వచ్చింది, తేడా ఎవరూ గమనించలేదు.

నన్ను తప్పించేముందు ఆ ఏడాది 'మీడియా కవరేజ్' ఫైలు కట్టి అప్పజెప్పమన్నారు, న్యాక్ వాళ్లకి చూపించాలని. క్లిప్పింగులన్నీ తెల్లకాగితాల మీద అంటించి చూస్తే 212 తేలాయి. అన్నీ లెక్కలోకే వస్తాయి, ఎంత ఎక్కువుంటే అంత మంచిది అన్నారు. పోస్టర్లు, బ్రోచర్లు, మొక్కలు. 'విద్యార్థినులకు స్వల్ప అస్వస్థత' కూడా అందులోనే ఉంది, సింగిల్ కాలమ్. క్రమసంఖ్య 187. ఎర్ర ఇంకుతో వేసింది నేనే.