ఊదితేనే బండి కదలాలి

శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో డ్రంకెన్ డ్రైవ్ బారికేడ్లకు వంద గజాల ముందు ఓ పావుగంట నిలబడి చూడండి. కారు స్లో అవుతుంది. స్టీరింగ్ ముందు నుంచి భర్త దిగుతాడు, అటు నుంచి భార్య వచ్చి కూర్చుంటుంది. నాలుగు బైకులు రాంగ్ రూట్లో వెనక్కి తిరుగుతాయి. 'ఇక్కడ చెకింగ్ ఉంది, ఇటు రాకండ్రా' అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఆ కబురు అందనివాడే పోలీసులకు దొరుకుతాడు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, తాగి నడిపితే 185 సెక్షన్ కింద వేసే జరిమానా 2 వేల నుంచి 10 వేలకు పెరిగింది. రెండోసారి దొరికితే 15 వేలు, రెండేళ్ల దాకా జైలు. కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకు రావాలన్న సంగతీ అందరికీ తెలుసు. తెలిసీ నడుపుతున్నారు. ఎందుకంటే రెండు పెగ్గులు పడ్డాక 'నాకేం కాదులే' అనే మెదడుకే నడపాలా వద్దా అన్న నిర్ణయం వదిలేస్తున్నాం. ఆ నిర్ణయం బండికి అప్పగించాలి.

ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ చేసే పని అదే. సెల్‌ఫోన్ అంత పరికరం, దాంట్లోకి ఊదాలి. మద్యం తగిలితే ఇంజిన్ స్టార్ట్ కాదు. పక్కవాడితో ఊదిద్దామంటే కెమెరా ఫొటో తీస్తుంది. బయల్దేరాక దారిలో మళ్లీ ఊదమంటుంది. ఊదకపోతే నడిరోడ్డు మీద ఇంజిన్ ఆపేయదు, హారన్ మోగిస్తూ లైట్లు కొడుతూ పరువు తీస్తుంది. అమెరికాలోని న్యూమెక్సికో 2005 నుంచి మొదటిసారి శిక్ష పడినవాళ్లకు కూడా దీన్ని తప్పనిసరి చేసింది. ఫ్రాన్స్‌లో 2015 నుంచి కోచ్ బస్సులన్నిటికీ ఉండాల్సిందే.

నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. పరికరం బండిలో ఉన్నంతకాలం మళ్లీ తాగి దొరికేవాళ్లు దాదాపు మూడింట రెండొంతులు తగ్గారని అమెరికా పరిశోధనలు చెబుతున్నాయి. తీసేశాక ఆ ఫలితం నిలవడం లేదు. దీన్ని చాలామంది పరికరం లోపంగా చూపిస్తారు. నాకు మాత్రం దీనికి మించిన రుజువు కనిపించదు. మనిషి మారలేదు, అయినా రోడ్డు మీద ప్రమాదం తగ్గింది. మనమేమో మనిషి మారతాడన్న ఆశతో కౌన్సెలింగ్ హాళ్లు నింపుతున్నాం.

మెషిన్లు తప్పు చూపిస్తాయంటారు. నిజమే. 2025లో కేరళలోని పందళం డిపోలో పనసపండు తిన్న ఆర్టీసీ డ్రైవర్లు బ్రీత్ అనలైజర్‌లో తాగినట్టే తేలారు. నోరు పుక్కిలించి పావుగంట ఆగి మళ్లీ ఊదితే తీరిపోయే సమస్య అది. ఖర్చు సంగతికి ఇప్పుడే వస్తాను. ముందు రెండోసారి దొరికినవాళ్ల కార్లకు, స్కూలు బస్సులకు, ప్రైవేటు ట్రావెల్స్‌కు పెడితే చాలు. మన ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ ఊదాకే కదా డ్యూటీ ఎక్కేది!

బైకుల సంగతి వేరు. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. బస్సు కింద ఇరుక్కున్న బైకు నడిపిన వ్యక్తి తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. కార్లకు, బస్సులకు తయారైన ఈ పరికరం అక్కడ పనికొచ్చేది కాదు. కాబట్టి బైకు దగ్గర కాకుండా సీసా దగ్గర మొదలుపెట్టాలి.

ఇక్కడే ప్రభుత్వాలకు మాట పెగలదు. తెలంగాణలో 2023లో 2,620 మద్యం షాపులకు దరఖాస్తు ఫీజుల రూపంలోనే 2,639 కోట్లు వచ్చాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే షాపుకు కోటి రూపాయలు. ఏపీలో 2024లో 3,396 షాపులకు దాదాపు 1,798 కోట్లు. షాపులు కేటాయించే లాటరీలో పేరు రానివాళ్లకు కూడా తిరిగివ్వని డబ్బు ఇది. ఇందులో ఓ చిన్న వాటా చాలు, నేను చెప్పిన బండ్లన్నిటికీ తాళం వేయడానికి.

షాపు పక్కనే పర్మిట్ రూము. దాని ముందు వరసగా బైకులు. లోపల తాగినవాడు ఇంటికెలా వెళ్తాడని ఎక్సైజ్ శాఖ అడగదు. రెండు సందుల అవతల అదే ప్రభుత్వపు పోలీసు బ్రీత్ అనలైజర్ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఒక్క రాత్రి ఆ మెషిన్‌ను పర్మిట్ రూము గుమ్మం దగ్గర పెట్టి, తాళంచెవులు కౌంటర్లో తీసుకుని చూడమనండి.