చదవడానికి భయమెందుకు?

"ఆ పుస్తకం చదవకు, విశ్వాసం పోతుంది." క్రైస్తవ కుటుంబాల్లో పెరిగిన చాలామంది ఈ మాట ఏదో ఒక రూపంలో విన్నవాళ్లే. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఆ సలహా తప్పని నా గట్టి అభిప్రాయం. ఏ పుస్తకం కన్నా, ఏదైనా అరకొరగా చదివి అంతా తెలిసిందనుకునే అలవాటే విశ్వాసికి ఎక్కువ చేటు చేస్తుంది.

పుస్తకాల విషయంలో హెచ్చరించేటప్పుడు పెద్దలు తరచు ఎత్తే వచనం ఒకటుంది: "దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును." బైబిల్‌లో అపొస్తలుడు పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయంలోది. ఈ వాక్యం గ్రీకు నాటకకర్త మెనాండర్‌దని పండితులు చెబుతారు. అంటే పౌలు ఈ హెచ్చరిక చేయడానికి కూడా అన్యుల సాహిత్యంలోని మాటనే తీసుకున్నాడు. ఏథెన్సులోనూ అంతే. పట్టణం నిండా విగ్రహాలు చూసి ఆయన మనసు తల్లడిల్లింది. అయినా ఆ పట్టణపు సభ అయిన అరేయొపగులో నిలబడి "మన మాయన సంతానమని మీ కవీశ్వరులలో కొందరు చెప్పుచున్నారు" అన్నాడు. ఆ మాట అరాటస్ అనే కవిది, జ్యూస్ దేవుడి స్తుతితో మొదలయ్యే కావ్యంలోది. పౌలు దాన్ని ఎగతాళి చేయలేదు. అందులో తనకు కనబడిన నిజాన్ని పట్టుకుని తన ప్రసంగాన్ని ముందుకు నడిపాడు. ఆ కవుల్ని ముందే చదివినవాడికే, కనీసం శ్రద్ధగా విన్నవాడికే అది సాధ్యం.

దీనికి ఎదురుగా జెరోమ్ కల గురించి చెప్పేవాళ్లుంటారు. నాలుగో శతాబ్దపు ఈ పండితుడు జబ్బుపడి ఉన్నప్పుడు న్యాయపీఠం ముందు నిలబడినట్టు కల కన్నాడు. తాను క్రైస్తవుణ్ణని చెప్పుకుంటే, "అబద్ధం, నువ్వు సిసెరో మనిషివి" అన్నారట. సిసెరో క్రీస్తుకు ముందటి రోమన్ వక్త, రచయిత. ఇక లౌకిక గ్రంథాలు ముట్టనని ఆ కలలోనే ప్రమాణం చేశాడు. ఈ కథను తేలిగ్గా తీసుకోకూడదు. చదువు మీది మోజు దేవుడి స్థానంలో కూర్చునే ప్రమాదం నిజంగానే ఉంది. కానీ మిగతా సగం కూడా చెప్పుకోవాలి. తర్వాతి కాలంలో జెరోమ్ రచనల్లో లాటిన్ కవుల మాటలు మళ్లీ కనిపిస్తూనే వచ్చాయి, మాట తప్పాడని ఒకప్పటి స్నేహితుడు రూఫినస్ ఆయన్ను నిలదీశాడు కూడా. కుర్రతనంలో రోములో డొనాటస్ దగ్గర వ్యాకరణం, కవిత్వం నేర్చుకోకపోయి ఉంటే, బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన ఆ చేతికి అంత పదును ఎక్కడిది?

క్రీ.శ. 362లో రోమన్ చక్రవర్తి జూలియన్ క్రైస్తవ ఉపాధ్యాయులు హోమర్ వంటి ప్రాచీన కవులను బోధించకుండా అడ్డుకున్నాడు. పీడ విరగడైందని క్రైస్తవులు సంతోషించలేదు. గ్రెగరీ నజియాంజెన్ లాంటి క్రైస్తవ పండితులు మండిపడ్డారు. ఆ సాహిత్యం తమది కూడా అని వాదించారు.

ఇక మన బైబిల్ పఠనం సంగతి. క్యాలెండర్ల మీద, ఫోన్ల మీద ఎక్కువగా కనిపించే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి. దేవుడు తన ప్రజల గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావనే వాగ్దానం. దానికి ముందున్న వచనం చదివితే డెబ్బై సంవత్సరాలు అని ఉంటుంది. అది బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. త్వరలోనే ఇంటికి వెళ్లిపోతామని అబద్ధపు ప్రవక్తలు ఊరిస్తుంటే, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని యిర్మీయా రాశాడు. ఆ వాగ్దానం నెరవేరడం విన్నవాళ్లలో చాలామంది కళ్లారా చూడలేరు. ఒక్క వచనం చదివినవాడికి దొరికేది పరీక్ష ముందు టెన్షన్ తగ్గించే మాట. ఉత్తరమంతా చదివితే, తన జీవితకాలంలో ఫలితం కనబడకపోయినా నమ్మకంగా బతకడం ఎలాగో తెలుస్తుంది. ఈ రెండో దాన్ని మనం పోగొట్టుకుంటున్నామన్నదే నా బాధ.

మరొక మాట. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ పుస్తకాలకూ వర్తిస్తుందని నేను నమ్ముతాను. ఒక నాస్తికుడి పుస్తకమో, వేరే మతస్థుడి గ్రంథమో తెరవకుండానే "అందులో ఇలా ఉంది" అని వేదిక మీద చెప్పడం అబద్ధసాక్ష్యమే. రాసినవాడు ఎదురుగా ఉండి, "అవును, నేను చెప్పింది అదే" అని ఒప్పుకునేలా అతని వాదాన్ని చెప్పగలిగాక ఖండించాలి. పూర్ణవివేకముతో దేవుణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ, పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ ఇక్కడ ఒకేసారి మన ముందుకొస్తాయి.

అన్ని పుస్తకాలూ అన్ని వయసులవాళ్లకీ తగవు, ఒప్పుకుంటాను. రోజంతా పనిచేసి అలిసిపోయినవాళ్లను లావుపాటి గ్రంథాలు చదవలేదని నిందించడం కూడా అన్యాయం. పాండిత్యం రక్షణకు షరతు కాదు. అయితే పదిహేనేళ్ల పిల్ల ఒక పుస్తకం పట్టుకొచ్చి ప్రశ్న అడిగితే, దాన్ని లాక్కోవడం జవాబు కాదు. ఇంట్లో అడగలేని ప్రశ్నను ఆ పిల్ల బయట అడుగుతుంది. అప్పుడు ఆ సంభాషణలో మనం ఉండం.

ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమాల్లో ఒకటి నాకు ఎంతో ఇష్టం. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలమైన లెంట్ రోజుల్లో ప్రతి సన్యాసికీ ఒక పుస్తకం ఇవ్వాలి, దాన్ని మొదటినుంచి చివరిదాకా వరసగా చదవాలి. చదివే వేళ ఎవరైనా బద్ధకిస్తున్నారేమో చూడటానికి ఒకరిద్దరు పెద్దలు మఠంలో తిరగాలి. చదువును ఉపవాసం పక్కన, ప్రార్థన పక్కన పెట్టాడాయన. వచ్చే లెంట్‌లో మన సంఘాల్లోనూ ఇలా మొదలుపెట్టవచ్చు. నలుగురైదుగురు కలిసి ఒకే పుస్తకం, క్రైస్తవుడు కానివాడు రాసినదైతే మరీ మంచిది, పూర్తిగా చదవాలి. వారానికోసారి కూర్చున్నప్పుడు మొదటి అరగంట రచయిత ఏమన్నాడో మాత్రమే చెప్పుకోవాలి. మన అభ్యంతరాలు ఆ తర్వాతే. చదవని పేజీల గురించి ఎవరూ మాట్లాడకూడదు.