అలక ఒక పరిణామ దశ

మా మామయ్యకు డెబ్బై ఒకటో ఏడు. బరంపురంలో, మా వీధి అరుగు మీద రోజూ సాయంత్రం క్యారమ్స్ ఆడతారు. మొన్న ఎర్ర కాయ పడగొట్టారు. వెంటనే మరో కాయ వేయలేకపోయారు కనుక నియమం ప్రకారం ఎర్ర కాయను తిరిగి బోర్డు మధ్యలో పెట్టాల్సి వచ్చింది. ఆయన కింది పెదవి మెల్లగా బయటికి వచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి. స్ట్రైకరు జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఆ స్ట్రైకరు ఆయనది కాదు.

"ఈయన ఎప్పటికి పెద్దవారవుతారో!" అంది అత్తయ్య. ఆ పొద్దుటే పళ్ళెంలో అప్పడం విరిగి వచ్చిందని ఆయన అన్నం మానేశారట.

అత్తయ్య అజ్ఞానానికి జాలి పడ్డాను. పెద్దవాడు కాకపోవడమే మనిషి ఘనత అని డచ్చి శరీరశాస్త్రవేత్త లూయిస్ బోల్క్ 1926లోనే చెప్పాడు. చింపాంజీ పిల్లది గుండ్రటి నుదురు, చదునైన మొహం, చిన్న దవడ. ఉయ్యాల్లో వేస్తే పక్కింటి వాళ్ళు వచ్చి పోలికలు వెతుకుతారు. పెరిగే కొద్దీ దాని దవడ ముందుకు పొడుచుకొస్తుంది, కనుబొమల మీద గట్టు లేస్తుంది. మనం మాత్రం ఆ పసి రూపుతోనే ముసలివాళ్ళమవుతాం. మెక్సికో చెరువుల్లో ఆక్సొలాటిల్ అనే ఉభయచర జీవి ఉంది. మొప్పలు ఊడకుండానే, నీళ్ళు వదిలి గట్టెక్కకుండానే గుడ్లు పెట్టి సంసారం చేస్తుంది. మా మామయ్య బరంపురం వదలకుండానే ఉద్యోగం చేసి రిటైరైనట్టు.

బోల్క్ కొంచెం ఎక్కువే ఊహించాడు. మన పొడవాటి కాళ్ళు ఏ కోతి పిల్ల దగ్గరా లేవు. పైగా తన తెల్లజాతే అందరికన్నా పసిదని, కాబట్టి అందరికన్నా పైదని తేల్చాడు. తన పాయింట్లు తానే రాసుకునే ఆటగాళ్ళు మా అరుగు మీద కూడా ఉన్నారు. ఆ లెక్కను అమెరికా పరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1977లో ఎండగట్టాడు, పసితనం మన పరిణామంలో కీలకమన్న మాటను మాత్రం నిలబెట్టాడు.

కీలకమే మరి. పుట్టినప్పుడు మన మెదడు పెద్దయ్యాక ఉండే దానిలో మూడో వంతు కూడా ఉండదు. మిగతాదంతా లోకాన్ని చూస్తూ, కింద పడుతూ, అడిగిందే అడుగుతూ పెరగాలి. నుదుటి వెనక భాగమైతే ఇరవై దాటాక గాని కుదుటపడదు. మా వీధి పిల్లలు తెలుగులో తిట్టుకుని ఒడియాలో రాజీపడేది ఆ తీరుబడి వల్లే. ప్రకృతి మనల్ని అట్టే పెట్టుకోమన్నది కుతూహలం, ఆట, నేర్చుకునే గుణం. వాటిని పదో తరగతి మార్కుల పట్టీతో పాటు బీరువాలో పెట్టి తాళం వేశాం. అలకను మాత్రం వాడుకలో ఉంచుకున్నాం.

ఈ అభివృద్ధి ఒక్క మా మామయ్యదే కాదు. కొరాపుట్ కొండల్లో కొఠియా వైపు వెళ్ళి చూడండి. ఇరవై ఒక్క ఊళ్ళు నావంటే నావని ఆంధ్ర, ఒడిశాల తగవు 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఒకరు రోడ్డు వేస్తే మరొకరు బడి కడతారు, ఒకరు పాతిన బోర్డును మరొకరు పీకుతారు. అమ్మా నాన్నా పోట్లాడుకుంటున్న ఇంట్లో పిల్లవాడిలా ఊరివాళ్ళు మాత్రం రెండు రేషన్ కార్డులూ దాచుకుని, ఇద్దరు చెప్పిందీ వింటున్నారు. రెండు ప్రభుత్వాల కన్నా వాళ్ళే కాస్త వెనకబడి, పెద్దవాళ్ళైపోయినట్టున్నారు.

స్ట్రైకరు లేక మా అరుగు రెండు రోజులు బోసిపోయింది. మూడో రోజు సాయంత్రం మామయ్య మనవడు వెళ్ళి తలుపు కొట్టాడు. వాడికి ఏడేళ్ళు.

"తాతయ్యా, మొదటి దెబ్బ నువ్వే కొడుదువు గాని, రా."

తలుపు సగం తెరుచుకుంది. బోర్డు మీదకు పౌడరు ఎవరు తెచ్చారని లోపలి నుంచి మామయ్య అడిగారు.